రాగి పట్టణాల రాక్

1949లో, అప్పటికింకా ఉత్తర రొడీషియా అని పిలుస్తున్న నేటి జాంబియాలో, ఒక కొత్త రకం రేడియో అమ్మకానికి వచ్చింది. తొమ్మిది అంగుళాల గుండ్రటి అల్యూమినియం డబ్బా, దానికి నీలం రంగు. వంటగిన్నెలో రేడియో సామాను బిగించినట్టు ఉండేది కాబట్టి 'సాస్‌పాన్ స్పెషల్' అన్న పేరు స్థిరపడిపోయింది. కరెంటు లేని ఇళ్ల కోసం, చేతిలో పెద్దగా డబ్బు ఆడని మనుషుల కోసం తయారుచేయించిన రేడియో అది. లుసాకాలో సమాచార శాఖ చూసే హారీ ఫ్రాంక్లిన్ అనే బ్రిటిష్ అధికారి, చివరికి బ్యాటరీలు అమ్ముకునే ఎవర్ రెడీ కంపెనీని దీనికి ఒప్పించాడు. ఖరీదు ఐదు పౌండ్లు. బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి, అది దాదాపు 300 గంటలు పనిచేసేది. మొదటి మూడు నెలల్లోనే 1,500 రేడియోలు అమ్ముడుపోయాయి.

ప్రభుత్వం ఆ రేడియోలో వ్యవసాయం గురించి, ఆరోగ్యం గురించి చెప్పాలనుకుంది. జనం పాటలు అడిగారు. లుసాకా స్టేషను బెంబా, న్యాంజా, టోంగా, లోజి వంటి భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేసేది. అలిక్ న్ఖాటా అనే గాయకుడు ఊళ్లు తిరిగి జానపద గీతాలు రికార్డు చేసుకొచ్చేవాడు, తానూ గిటారు పట్టుకుని పాడేవాడు. గిటారు ఊరి పాటకు పరాయిది కాదని ఒక తరం ఆ రేడియో దగ్గర కూర్చునే తెలుసుకుంది. ఆ తరం పిల్లలు పెద్దవాళ్లై, 1970ల్లో గిటార్లకు కరెంటు పెట్టి, పెద్ద పెద్ద మైదానాల్లో వేలమంది ముందు వాయించిన సంగీతానికి జామ్‌రాక్ అని పేరు. ఆ పేరు పెట్టింది మనాసే ఫిరి అనే జాంబియా డీజే.

పదేళ్లు కూడా నిండని వైభవం అది. ఆ తర్వాత పాతికేళ్ల పాటు జాంబియా బయట ఆ బ్యాండ్ల పేరు తెలిసినవాళ్లు దాదాపు లేరు. ఇవాళ లాస్ ఏంజెలిస్‌లోనూ లండన్‌లోనూ కుర్రకారు ఆ రికార్డుల కోసం వెతుకుతున్నారు. అమెరికన్ ర్యాప్ పాటల్లో ఆ గిటార్లు వినిపిస్తున్నాయి. ఇంత ఆలస్యంగా, ఇంత గాఢంగా ఆ పాటలు ఎందుకు పట్టుకుంటున్నాయి? జవాబు గిటారు తీగల్లో కొంతే ఉంది. మిగిలినదంతా రాగిలో ఉంది.

జాంబియా ఉత్తరాన, కాంగో సరిహద్దును ఆనుకుని ఉన్న గనుల ప్రాంతాన్ని కాపర్‌బెల్ట్ అంటారు. కిట్వే, ఎన్‌డోలా, లువాన్‌ష్యా, ముఫులిరా, చింగోలా అక్కడి ముఖ్య పట్టణాలు. 1920ల చివరి నుంచి అక్కడ గనులు లేచాయి. ఎక్కడెక్కడి పల్లెల నుంచో, డెబ్బైకి పైగా భాషలు, యాసలు మాట్లాడే మనుషులు వచ్చి కంపెనీ ఇచ్చిన ఇరుకు ఇళ్లలో కాపురం పెట్టారు. వారం అంతా భూమి లోపల పని. ఆదివారం వస్తే ఆటపాట.

ఆ ఆదివారాలను 1951లో లువాన్‌ష్యాలో దగ్గర నుంచి చూసినవాడు క్లైడ్ మిచెల్ అనే మానవశాస్త్రవేత్త. 'కలేలా' అనే నృత్యం మీద ఆయన 1956లో ప్రచురించిన చిన్న పుస్తకం ఇప్పటికీ చదివిస్తుంది. అది ఒక తెగవారి నృత్యం, పాటల్లో తమ తెగను పొగుడుకుంటారు, పక్క తెగలను ఆటపట్టిస్తారు. కానీ వేషం చూస్తే తోలూ లేదు, ఈకలూ లేవు. నీటుగా ఇస్త్రీ చేసిన ప్యాంటు, శుభ్రమైన చొక్కా, తళతళలాడే బూట్లు. గుంపులో ఒకడు తెల్లకోటు తొడుక్కుని 'డాక్టర్', ఒకామె 'నర్స్', చేతిలో అద్దమూ రుమాలూ. నర్స్ పాత్ర వేసిన మనిషి ఆటగాళ్ల మధ్య తిరుగుతూ వాళ్లు తమ ముస్తాబు సరిచూసుకోవడానికి అద్దం చూపిస్తుంది. బయటి నుంచి వచ్చినదాన్ని తీసుకుని, దాన్ని మన కథ చెప్పడానికి వాడుకోవడం కాపర్‌బెల్ట్‌కు రాక్ సంగీతంతో కొత్తగా అబ్బలేదు. పాతికేళ్ల ముందే గని కార్మికులు ఆ విద్యలో ఆరితేరారు. జామ్‌రాక్ అంటే పాశ్చాత్య సంగీతానికి నకలు అని కొట్టిపారేసేవాళ్లు ముందు కలేలా గురించి చదవాలి.

ఆ పట్టణాల్లో వర్ణవివక్ష కూడా అంతే దగ్గరగా ఉండేది. నల్లవాళ్లు మాంసం కొట్లలోకి అడుగుపెట్టకూడదు, గోడకు ఉన్న కన్నం దగ్గర నిలబడి తీసుకోవాలి. ఒక ఆఫ్రికన్ స్త్రీకి అక్కడ జరిగిన అవమానం చూసి కెన్నెత్ కౌండా అనే యువకుడు మాంసం తినడమే మానేశాడు. గాంధీని అభిమానించే ఆ మాజీ బడిపంతులు స్వాతంత్ర్య పోరాటానికి నాయకుడయ్యాడు. 1964 అక్టోబర్ 24న జాంబియా పుట్టినప్పుడు తొలి అధ్యక్షుడయ్యాడు. చేతిలో ఎప్పుడూ తెల్ల రుమాలు, సభల్లో పాట. కౌండా గిటారు కూడా వాయించేవాడు.

కొత్త దేశానికి చదువుకున్నవాళ్లు లేరు, డిగ్రీ ఉన్నవాళ్లు అటూఇటుగా వంద మంది. కానీ రాగి ఉంది. ఎగుమతి ఆదాయంలో తొంభై శాతానికి పైగా దాని నుంచే. 1960ల చివర రాగి ధర బాగుంది. 1969లో కౌండా గని కంపెనీల్లో 51 శాతం వాటా ప్రభుత్వానిదేనని ప్రకటించాడు. బడులు, ఆసుపత్రులు, రోడ్లు లేచాయి. గని పట్టణాల్లో జీతాలు వచ్చే కుటుంబాలు పెరిగాయి. ఆ కుటుంబాల పిల్లల చేతికి రికార్డ్ ప్లేయర్లు వచ్చాయి. మొజాంబిక్ రాజధాని నుంచి ప్రసారమయ్యే ఎల్‌ఎం రేడియో ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమంతటా వినిపించేది, అందులో ఎప్పటికప్పుడు కొత్త పాప్ పాటలు. రోలింగ్ స్టోన్స్, జిమీ హెండ్రిక్స్, డీప్ పర్పుల్, గ్రాండ్ ఫంక్ రైల్‌రోడ్, జేమ్స్ బ్రౌన్. గనుల్లో కార్మికుల కోసం కట్టిన వెల్ఫేర్ హాళ్లలో, హోటళ్లలో, క్లబ్బుల్లో కుర్రవాళ్లు ఆ పాటల్ని ఉన్నవి ఉన్నట్టు వాయించడంతో మొదలుపెట్టారు.

అప్పుడే కౌండా ప్రభుత్వం నుంచి ఒక ఆదేశం వచ్చింది: రేడియోలో వేసే సంగీతంలో 95 శాతం జాంబియాదే ఉండాలి. ఇలాంటి ఆదేశాలు చాలా దేశాలు ఇచ్చాయి, చాలాచోట్ల వాటితో వచ్చింది నీరసమైన దేశభక్తి గీతాలే. జాంబియాలో కథ వేరుగా నడిచింది. ఎందుకంటే ఆదేశం వచ్చేనాటికి కుర్రవాళ్ల చేతుల్లో ఎలక్ట్రిక్ గిటార్లు ఉన్నాయి, వేళ్లలో హెండ్రిక్స్ ఉన్నాడు. సొంత పాట రాసుకోమంటే వాళ్లు రాక్ పాటే రాశారు. ప్రభుత్వానికి కావలసింది జాతీయ సంస్కృతి. దానికి దొరికింది గిటార్ల హోరు. రెండూ ఒకటేనని ఆ తరం నమ్మింది. ఆ నమ్మకం ఆ రికార్డుల్లో ప్రతి నిమిషం వినిపిస్తుంది.

కిట్వే కుర్రవాళ్ల బ్యాండ్ 'విచ్' అందరికంటే ముందు పేరు తెచ్చుకుంది. గందరగోళం సృష్టించడమే మా ఉద్దేశం అని అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు అది. గాయకుడు ఇమ్మాన్యుయేల్ చందా. మిక్ జాగర్‌లా వేదిక మీద ఒకచోట నిలబడేవాడు కాదు కాబట్టి అభిమానులు జాగర్ అనడం మొదలుపెట్టారు. ఆ పేరుకు ఆఫ్రికా పలుకుబడి ఇచ్చి జాగరి చేసుకున్నాడు. లీడ్ గిటారు క్రిస్ 'కిమ్స్' ఎంబేవే, రెండో గిటారు జాన్ 'మ్యూజిక్' ముమా, బేస్ గిడియన్ 'గిడ్డీ కింగ్' ములెంగా, డ్రమ్స్ బోయిడి 'స్టార్ మెక్‌బాయిడ్' సింకాలా, కీబోర్డు పాల్ 'జోన్స్' ముంబా. పేర్ల మధ్యలోని ఆ బిరుదుల్లోనే వయసు ఎంత ఉరకలు వేస్తోందో తెలుస్తుంది.

1970ల తొలి సంవత్సరాల్లో వాళ్లు తెచ్చిన 'ఇంట్రడక్షన్' జాంబియా తొలి రాక్ ఎల్‌పీల్లో ఒకటి. రికార్డు అచ్చువేయించడమే ఆ రోజుల్లో పెద్ద ప్రయాణం, నైరోబీ పంపించి తెప్పించుకోవలసి వచ్చేది. ఆ తర్వాత 1974లో 'ఇన్ ద పాస్ట్', 1975లో 'లేజీ బోన్స్'. ఈ మూడోది వాళ్లు చేసినవాటిలోకెల్లా గొప్పదని ఎక్కువమంది ఒప్పుకుంటారు, ఒప్పుకోవడంలో తప్పు లేదు.

'లేజీ బోన్స్' వింటే మొదట చెవికి తగిలేది ఫజ్ గిటారు. ఫజ్ పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనప డబ్బా. గిటారు నుంచి వచ్చే సంకేతం ఒక అలలా ఉంటుంది. డబ్బాలోని ట్రాన్సిస్టర్లు ఆ అలను తమకు పట్టే ఎత్తును మించి పెంచుతాయి. పట్టని కొన తెగిపోతుంది, గుండ్రటి అల నెత్తి చదునవుతుంది. అలా తెగిన చోటల్లా మూల స్వరంలో లేని కొత్త స్వరాలు పుడతాయి. చెవికి అది గరగరలాడే, మండే ధ్వనిగా వినిపిస్తుంది. అమెరికాలో, ఇంగ్లండులో ఇరవై నాలుగు ట్రాకుల టేపు మీద ఒక్కొక్క వాయిద్యాన్ని విడివిడిగా పేర్చి, ఆ గరగరకు మెరుగులు దిద్దేవారు. లుసాకాలో అంత హంగు లేదు. అందరూ ఒకే గదిలో కలిసి వాయించాలి, వచ్చిందే రికార్డు. అందుకే ఫజ్ గిటారు మైకు ముందుకు దూసుకొస్తుంది, డ్రమ్స్ వెనక గోడకు తగిలి తిరిగొస్తున్నట్టు ఉంటుంది, వాటి మధ్య జాగరి గొంతు పక్కింటి మనిషి మాట్లాడినంత మామూలుగా వినిపిస్తుంది. ఆ గొంతులో ఆడంబరం లేదు. విరిగిన ప్రేమ గురించి పాడినా, చేతిలో డబ్బు లేకపోవడం గురించి పాడినా ఎదురుగా ఉన్నవాడికి చెబుతున్నట్టే. ఇంగ్లిష్‌లో పాడటం కూడా విదేశాల కోసం కాదు. ఇన్ని భాషల దేశంలో బెంబాలో పాడితే ఒకరికి, న్యాంజాలో పాడితే మరొకరికి. బడిలో నేర్చుకున్న ఇంగ్లిష్ అందరికీ కొంత కొంత. క్రమంగా వాళ్లు దేశభాషల్లోకి, ఊరి డప్పుల లయల్లోకి వచ్చారు.

ఆ లయలను అందరికంటే ముందు పట్టుకున్నవాడు రికీ ఇలిలోంగా. ఆయన బ్యాండ్ 'ముసి ఓ తున్యా'. విక్టోరియా జలపాతాన్ని అక్కడివాళ్లు పిలుచుకునే పేరే ఇంచుమించుగా బ్యాండుకు పెట్టుకున్నారు. నైరోబీలో పనిచేసి, 1975లో 'వింగ్స్ ఆఫ్ ఆఫ్రికా' తెచ్చారు. అందులో డప్పులూ బూరలూ ముందుంటాయి, గిటారు వాటిని అల్లుకుంటూ పోతుంది. అదే ఏడాది అమనాజ్ బ్యాండ్ 'ఆఫ్రికా' వచ్చింది. ఇది విచ్ కంటే నెమ్మదైన, లోలోపలికి చూసుకునే రికార్డు. ఒకే రికార్డింగును రెండు విధాలుగా మిక్స్ చేశారు, ఒకదాంట్లో గొంతులు పొడిగా దగ్గరగా ఉంటాయి, మరొకదాంట్లో బావిలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వనిస్తాయి. వరసగా రెండూ వింటే ఒకే పాట ఇద్దరు వేర్వేరు మనుషులు పాడినట్టు అనిపిస్తుంది.

పాల్ ఎన్‌గోజీ ధోరణి ఇంకొకటి. అసలు పేరు పాల్ డాబ్సన్ న్యిరోంగో, పుట్టింది 1949లో. లుసాకా బస్తీల మనిషి. పళ్లతో గిటారు వాయించేవాడు, అది చూడటానికే జనం వచ్చేవారు. కానీ నిలబెట్టింది ఆ విద్య కాదు. న్యాంజాలో, ఇంగ్లిష్‌లో ఆయన పాడినవి బస్తీ సంగతులు: ఇంటి గొడవలు, ఇరుగుపొరుగు, పేదరికం. మొరటు గిటారు వరస, దానిమీద తడబడకుండా సాగే మాట. సంగీతం తెలిసినవాళ్లు కొందరు దాన్ని అనాగరికం అనవచ్చు. బస్తీలో మాత్రం అది అందరికీ అర్థమయ్యే సంగీతం.

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. ఈ బ్యాండ్లను ఎవరూ పట్టించుకోలేదు అనే మాట రాక్ చరిత్రకారులు తరచుగా వాడతారు. జాంబియా పట్టించుకుంది. విచ్ ఆట ఉందంటే పట్టణం కదిలేది, జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చేది. పట్టించుకోనిది లండన్, న్యూయార్క్. అక్కడికి ఆ రికార్డులు చేరనే లేదు. చేరినా 1975లో ఆ కంపెనీలు ఆఫ్రికా నుంచి రాక్ సంగీతాన్ని కోరుకోలేదు. ఆఫ్రికా అంటే డప్పులు మోగాలి, గిటార్ల హోరు వాళ్లకే సొంతం అన్నది నాటి వ్యాపారపు లెక్క. డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్‌ను సొంత ఊరు మరిచిపోతే దక్షిణాఫ్రికా నెత్తిన పెట్టుకుంది. జామ్‌రాక్‌కు జరిగింది దానికి తిరగేసిన కథ. ఇంట్లో గెలిచినవాళ్లకు వీధి తలుపు ఎవరూ తీయలేదు.

ఆలోగా ఇల్లే కూలడం మొదలైంది.

1974 ఏప్రిల్‌లో లండన్ మార్కెట్‌లో రాగి ధర శిఖరానికి చేరింది. ఆ ఏడాది ముగిసేలోపే సగానికి పైగా పడిపోయింది. 1973 చివరి నుంచి చమురు ధర పైకి, ఇప్పుడు రాగి ధర కిందికి. సముద్రతీరం లేని దేశం, దక్షిణాన తెల్లవాళ్లు ఏలుతున్న రొడీషియాతో (నేటి జింబాబ్వే) సరిహద్దు 1973 జనవరిలో మూతపడింది. పడమటి అంగోలా రైలు మార్గం అక్కడి యుద్ధంతో 1975లో తెగిపోయింది. తూర్పున టాంజానియా మీదుగా చైనా కట్టిన రైలుమార్గం ఒక్కటే దిక్కు. డాలర్లు లేకపోతే దిగుమతులు లేవు. దిగుమతులు లేకపోతే గిటారు తీగలు లేవు, యాంప్లిఫయర్లకు విడిభాగాలు లేవు, రికార్డులు అచ్చువేయడానికి ముడిసరుకు కూడా కష్టమే. లండన్‌లో లోహం ధర పడితే కిట్వేలో పాట ఆగిపోవడానికి మధ్యలో ఉన్న లంకె ఇదే.

తేదీలు గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. జామ్‌రాక్‌లో ఇవాళ గొప్పవని అంటున్న రికార్డుల్లో ఎక్కువ 1974 నుంచి 1977 మధ్యవి. అంటే ఆశ పూర్తిగా పోకముందే, పోతోందని తెలుస్తున్న రోజుల్లో చేసినవి. వాటి ఆకర్షణకు అసలు కారణం ఇదే. 1960ల నాటి ఉత్సాహం గిటార్లలో ఇంకా ఉంది, మాటల్లో మాత్రం నీడ వచ్చింది. అమనాజ్ రికార్డులో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. అరుదైన రికార్డు కాబట్టి జనం ఇష్టపడుతున్నారని అనేవాళ్లున్నారు. అరుదైనవన్నీ మళ్లీ మళ్లీ వినబుద్ధి కావు. ఒక దేశం తన పదో ఏట తన గురించి తాను ఏమనుకుందో వినాలంటే ఉపన్యాసాల కంటే ఈ పాటలే నమ్మదగినవి. వేరే ఎవరి మెప్పు కోసమూ చేయలేదు కాబట్టి వాటిలో దాపరికం లేదు.

1970ల చివర యుద్ధం లుసాకా దాకా వచ్చింది. రొడీషియా విముక్తి సైనికులకు కౌండా ఆశ్రయం ఇచ్చాడు, దానికి రొడీషియా సైన్యం జాంబియా మీద దాడులు చేసింది. 1978 అక్టోబర్‌లో జరిగిన అలాంటి దాడిలోనే అలిక్ న్ఖాటా, తన పొలం దగ్గర, ప్రాణాలు కోల్పోయాడు. రాత్రుళ్లు దీపాలు ఆర్పెయ్యాలి, బయట తిరగకూడదు. రాత్రి తెల్లవార్లూ వాయించే బ్యాండ్లు మధ్యాహ్నం ఆటలకు దిగాయి. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు మధ్యాహ్నం పాటలకు రారు. ఇక దొంగ క్యాసెట్లు. ఒక రికార్డు కొంటే వంద క్యాసెట్లు కాపీ చేసే రోజులొచ్చాక, బ్యాండుకు పైసా రాదు. జనం చెవి కూడా మారింది, పల్లె లయల మీద నడిచే కలిందులా సంగీతం, కాంగో నుంచి వచ్చే రుంబా ముందుకొచ్చాయి, డిస్కో వచ్చింది.

జాగరి 1977 ప్రాంతంలో విచ్ వదిలి చదువుకు వెళ్లాడు, తర్వాత సంగీతం పాఠాలు చెప్పాడు. మిగిలినవాళ్లు విచ్ పేరుతోనే డిస్కో బాట పట్టి 1984 దాకా రికార్డులు తెచ్చారు.

ఆ తర్వాత జరిగినది రాయడానికి చేయి రాదు. 1984లోనే జాంబియాలో తొలి ఎయిడ్స్ కేసు నమోదైంది. పట్టణాల్లో, గని ఊళ్లలో, లారీలు ఆగే చోట్ల ఆ వ్యాధి వేగంగా పాకింది. ఊరూరా తిరిగి రాత్రుళ్లు ఆడిపాడే కళాకారులు దాని దారిలోనే ఉన్నారు. మందులు లేవు, ఆ మాట బయటికి అనే ధైర్యం కూడా లేదు. 1987లో కౌండా స్వయంగా ప్రజల ముందుకొచ్చి తన కొడుకు ముందటి ఏడాది ఎయిడ్స్‌తోనే పోయాడని చెప్పాడు. ఆఫ్రికాలో అధికారంలో ఉన్న నాయకుడు అలా చెప్పడం ఆ రోజుల్లో ఊహకందని విషయం. చెప్పినా వ్యాధి ఆగలేదు. 1990ల్లో దేశంలో పెద్దవాళ్లలో ఆరేడుగురిలో ఒకరికి ఆ వైరస్ సోకింది. విచ్‌ను నిలబెట్టిన ఆరుగురిలో ఇవాళ జీవించి ఉన్నది జాగరి ఒక్కడే. మిగతా బ్యాండ్లలోనూ అనేకమంది నడివయసు చూడకుండానే వెళ్లిపోయారు. పాల్ ఎన్‌గోజీ 1989లో, నలభై ఏళ్ల వయసులో చనిపోయాడు. ఒక సంగీతం పాతబడటం వేరు, దాన్ని వాయించే చేతులే ఒక్కసారిగా లేకుండా పోవడం వేరు. జామ్‌రాక్‌కు వారసులు తయారు కాకపోవడానికి రాగి ఎంత కారణమో ఇదీ అంత కారణం.

జాగరి పాఠాలు మానేసి రత్నాల గనుల వైపు వెళ్లాడు. అమెథిస్ట్ రాళ్ల కోసం నేల తవ్వుతూ, చర్చికి వెళ్తూ, తన పాట ఎక్కడో దూరదేశంలో ఎవరో కొంటున్నారన్న ఊహ లేకుండా ఏళ్లు గడిపాడు.

కొంటున్నారు మరి. 2000ల నాటికి యూరప్‌లో రికార్డులు పోగుచేసేవాళ్ల మధ్య ఈ పేర్లు తిరగడం మొదలైంది. ఒక్కొక్క అసలు ఎల్‌పీ వందల డాలర్లు పలికింది, కొన్ని వేలు కూడా. మొదట షాడోక్స్ అనే జర్మన్ సంస్థ కొన్నింటిని మళ్లీ అచ్చువేసింది. 2010 తర్వాత కాలిఫోర్నియాలోని నౌ ఎగైన్ రికార్డ్స్ దీన్ని పట్టుదలగా చేపట్టింది. దాన్ని నడిపే ఈథెన్ అలపాట్ రికీ ఇలిలోంగాను, జాగరిని కలుపుకుని పనిచేశాడు. రికీ అప్పటికి డెన్మార్క్‌లో స్థిరపడి ఉన్నాడు. 2012లో విచ్ 1970ల రికార్డులు ఒక పెట్టెగా వచ్చాయి. 2017లో 'వెల్‌కమ్ టు జామ్‌రాక్' అనే సంకలనం పాటలతోపాటు ఆ చరిత్రనూ అచ్చులోకి తెచ్చింది. పాత రికార్డును కొని అద్దాల బీరువాలో దాచుకునేవాడికీ, దాన్ని వాయించినవాడు ఎక్కడున్నాడో వెతికి, సంతకం పెట్టించుకుని, డబ్బు చెల్లించి మళ్లీ అచ్చువేసేవాడికీ నడుమ తేడా చాలా ఉంది. ఇలాంటి సంగీతాల విషయంలో ఆ తేడా దగ్గర రాజీ పడకూడదు. ఆఫ్రికా ఖండం నుంచి ఖనిజం ఎలా తరలిపోయిందో పాట కూడా అలాగే తరలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంది.

2014లో జియో అర్లోటా అనే ఇటాలియన్ యువకుడు జాగరిని వెతుక్కుంటూ జాంబియా వెళ్లాడు. ఆ ప్రయాణం 2019లో డాక్యుమెంటరీగా వచ్చింది, అంతకుముందే ఒక కొత్త బ్యాండుగా కూడా మారింది. డచ్ సంగీతకారులు జాకో గార్డ్‌నర్, నిక్ మాస్కోవిచ్ చేరారు. 1980ల నాటి విచ్‌లో కీబోర్డు వాయించిన పాట్రిక్ ఎంవోన్‌డెలా తిరిగి వచ్చాడు. అరవై దాటిన జాగరి తొలిసారి యూరప్ వేదికల మీద పాడాడు. ఎదురుగా ఉన్నది తన మనవళ్ల వయసు కుర్రవాళ్లు, పాటలు వాళ్ల నోటికి వచ్చు.

2023లో విచ్ కొత్త రికార్డు 'జాంగో' వచ్చింది, 39 ఏళ్ల తర్వాత మొదటిది. యూరప్‌లో ఎన్నో మంచి స్టూడియోలు ఉండగా లుసాకాలోని డీబీ స్టూడియోస్‌లోనే రికార్డు చేశారు, 1970ల బ్యాండ్లు వాడుకున్న చోటే. అందులో తెరీసా ఎన్‌గాంబీ, హన్నా టెంబో అనే ఇద్దరు జాంబియా గాయనుల గొంతులు ముందుకొచ్చాయి. పాత జామ్‌రాక్ దాదాపుగా మగవాళ్ల రాజ్యం, అక్కడ ఈ మార్పు అవసరమైంది, వినడానికీ బాగుంది. జాంబియాలో పుట్టి బోట్స్వానాలో పెరిగిన ర్యాప్ గాయని సాంపా ద గ్రేట్ కూడా ఒక పాటలో చేరింది.

2024 అక్టోబర్‌లో అమెరికన్ ర్యాపర్ టైలర్ ద క్రియేటర్ 'నాయిడ్' అనే పాట విడుదల చేశాడు. ఆ పాటకు వెన్నెముక పాల్ ఎన్‌గోజీ బృందం 1977లో చేసిన 'నిజకుపంగా ఎన్‌గోజీ'. గిటారు మాత్రమే కాదు, న్యాంజా మాటలూ ఉన్నవి ఉన్నట్టే వినిపిస్తాయి. ఆ భాష తెలియని ఎంతోమంది ఆ మాటల్ని తప్పో ఒప్పో కలిసి పాడుతున్నారు. అమనాజ్ పాటలను కూడా ర్యాపర్లు వాడుకున్నారు. ఇప్పుడు లుసాకాలో కుర్రవాళ్లు, ఇది మా తాతలది అంటూ ఆ రికార్డులు వెతుక్కుంటున్నారు. అసలు ఎల్‌పీలు ఎప్పుడో దేశం దాటిపోయాయి కాబట్టి వాళ్లలో చాలామంది వినేది విదేశాల్లో మళ్లీ అచ్చయినవే.

చేయవలసిన పని ఇంకా ఉంది. మాస్టర్ టేపులు చాలావరకు దొరకడం లేదు. మళ్లీ అచ్చువేసిన రికార్డుల్లో అనేకం, ఎవరి ఇంట్లోనో గీతలు పడి మిగిలిన ఎల్‌పీ నుంచి శ్రమపడి శుభ్రం చేసి తీసుకున్నవే. పాటకూ పాటకూ నడుమ సూది గరగర అక్కడక్కడా వినిపిస్తుంది. రాసిన వ్యక్తి పోయి, వారసులెవరో తెలియక హక్కులు తేలని పాటలున్నాయి. జాంబియా రేడియో భాండాగారంలో వెతకాలి, కాపర్‌బెల్ట్ ఇళ్ల అటకల మీద వెతకాలి. ఆ రోజుల్లో వెల్ఫేర్ హాళ్లకు వెళ్లిన మనుషులు ఇంకా కొందరున్నారు. ఎవరు ఏ పాట వాయించారో, ఏ రాత్రి జనం ఎలా ఊగిపోయారో వాళ్లను అడిగి రాసుకోవాలి. వాళ్ల వయసు ఇప్పుడు డెబ్బై పైమాటే, ఆ పని ఈ పదేళ్లలో జరగాలి.